పీపలో నీళ్ళు

"అవ్వా, మల్ల పోసిండే!"

భిక్షపతి కేక విని ఐలవ్వ చాట కింద పెట్టి కొడుకుల దుకాణంలోకి వచ్చింది.

ఖాళీ పెట్రోలు పీప మూతిదాకా నీళ్ళతో నిండి ఉంది. పక్కన కుండ పట్టుకుని ఆ కాలిన ముఖం మనిషి నిలబడ్డాడు.

యుద్ధం ముగిశాక పటాలం వాళ్ళు అమ్మేసిన పీప అది. దొర బిడ్డ పెండ్లిలో నీళ్ళు పట్టడానికి దాని పైరేకు కోసి, పక్కలకు కడియాలు అతికి ఇవ్వాలి. రేపటికి గడికి చేరకపోతే దుకాణం ఉండదని దొర మనిషి చెప్పి పోయాడు.

సిద్దిపేటలో గ్యాసు వెల్డింగు దుకాణం అదొక్కటే. పెద్ద కొడుకు సిద్ధయ్య హైదరాబాదు కార్ఖానాలో కొన్నాళ్ళుండి పని చూసి వచ్చి, తాతల నాటి కొలిమి పక్కనే ఈ దుకాణం పెట్టుకున్నాడు. ఇనుము అతకడం నేర్చాడు. మిగతాది దేవుడి మీద వేశాడు.

ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. ఓనాడు బొగ్గుతో నడిచే బస్సు దిగి, దుకాణంలో మంట చూసి అక్కడే కూలబడ్డాడు. పేరడిగితే పలకడు, ఊరడిగితే పలకడు. పెట్టిన గట్క తింటాడు. పీప కనబడితే చాలు, ఎండలో దూరపు బావికి పోయి నీళ్ళు తెచ్చి నింపుతాడు.

మొన్న అతను నింపినవి సున్నం కలిపే పీపలు. ఎవరూ పట్టించుకోక నీళ్ళుండగానే కోసేశారు.

"పీపలకు దూపైతుందనుకుంటుండు," నవ్వాడు భిక్షపతి.

"నవ్వకురా. ఇది పెండ్లి పీప. వీడు ఏ కులపోడో ఏమో! దొరసానికి తెలిస్తె బతకనిస్తదా?"

సిద్ధయ్య ఒక క్షణం ఆలోచించాడు.

"నిజమే అవ్వా. పారబోయిరా తమ్మీ. ఎండకు ఆరబెట్టు."

ఆ మనిషి పీపకు అడ్డం పడ్డాడు. మంట గొట్టాన్ని చూపించాడు. తన ముఖాన్ని చూపించాడు. వద్దు వద్దని తల ఊపాడు.

"ఏందట?"

"మంట జూస్తె భయమంట అన్నా!"

ఇద్దరూ కలిసి అతన్ని పక్కకు నెట్టారు. నీళ్ళు ఎర్రమట్టిలో ఇంకిపోయాయి. ఐలవ్వ పీప మీద పసుపు నీళ్ళు చిలకరించింది.

అతను కుండ ఎత్తుకుని మళ్ళీ బావి దారి పట్టాడు.

పీప ఆరింది. సిద్ధయ్య దేవుని పటానికి దండం పెట్టాడు. భిక్షపతి మంట వెలిగించి పీప ముందు కూర్చున్నాడు.

బావి వైపు నుంచి ఆ మనిషి పరుగెత్తి వచ్చాడు. కుండ జారి పగిలింది. వెనక నుంచి భిక్షపతిని పట్టి గుంజాడు.

"నా తమ్ముని మీద చెయ్యేస్తవా!"

సిద్ధయ్య సుత్తె పిడితో అతని వీపు మీద కొట్టాడు. అతను వదలలేదు. భిక్షపతిని కింద పడేసి మీద పడుకున్నాడు.

భిక్షపతి చేతిలోని మంట అప్పటికే రేకును తాకింది.

ఆ చప్పుడుకు దుకాణం కప్పు లేచిపోయింది.

పొగ తగ్గాక చూస్తే భిక్షపతి చేతులు కాలాయి, ప్రాణం ఉంది. మీద ఉన్న మనిషి లేవలేదు.

జనం మూగారు. "కులం తెల్వని పీనుగను ఎట్ల ముడుతం?" అన్నారు.

నీళ్ళకు అవ్వ అడిగితే తాను నిజమేనన్న మాటనే ఇప్పుడు శవానికి అడుగుతున్నారు. సిద్ధయ్య కూర్చుని ఆ తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

అంతలో పట్నం లారీ వచ్చి ఆగింది. గ్యాసు సిలిండర్లు తెచ్చే యూసుఫ్ దిగి, ఆ ముఖం చూసి తల పట్టుకున్నాడు.

"యా అల్లా! మిస్త్రీ సాబ్!"

"ఎరుకేనా యూసుఫ్ భాయ్?"

"మా గ్యాసు కార్ఖానల పెద్ద మిస్త్రీ. ఉత్త పీపల గూడ పెట్రోలు ఆవిరుంటది సిద్ధయ్యా, మంట తగిలితె పేలుతది. అందుకే నీళ్ళు నింపి కోస్తరు. గిట్లనే పీప పేలి ఈయన కొడుకు పోయిండు. అప్పటి సంది నోట మాట లేదు. గ్యాసు దుకాణం ఎక్కడుంటె అక్కడ తిరుగుతుండు."

ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో! నీళ్ళు పొయ్యమని ఆ పిలగానికి ఎవ్వలు చెప్పలేదా, నాయినా?"

యూసుఫ్ తన తువ్వాలు తీసి ఆ ముఖం మీద కప్పాడు.

"పిలగానికి ఎరుకే అవ్వా. 'నీళ్ళు నింపి కోద్దామా బాపూ' అని అడిగిండు. 'పొద్దు గూకుతుంది, కానియ్ రా' అన్నది ఈయనే."