మైకు ముందు మూడు నిమిషాలు

"మూడు నిమిషాలే, ఎల్విన్," అని గుమస్తా గడియారం తిప్పి పెట్టాడు.

ఎల్విన్ స్ట్రూడ్ మైకు దగ్గరికి నడుస్తుంటే హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళు బొగ్గుగనిలో పనిచేశాడు. కౌంటీ సమావేశంలో జనం మాట్లాడే వంతు రాగానే ప్రతి నెలా ముందు లేచేది ఆయనే. ఎవరైనా సరే మూడు నిమిషాలు ఏమైనా అనొచ్చు, ఎవరూ అడ్డు తగలకూడదు. ఈ నియమం పెట్టిన మహానుభావుణ్ణి డార్లా నెలనెలా మనసులో తిట్టుకుంటూనే ఉంది.

డార్లా స్కూలు బస్సు నడుపుతుంది. సెలవుల్లో జీతం రాదు. ఇద్దరు పిల్లలు. వాళ్ళ కంచాల్లోకి వచ్చే తిండిలో సగం ఓపల్ నడిపే ఉచిత ఆహార కేంద్రం నుంచే వస్తుంది. వాషింగ్టన్‌లో పెద్దమనుషులు బడ్జెట్ మీద పంతాలకు పోయి సర్కారు ఖర్చులు ఆపేయడంతో ఈ నెల సర్కారు తిండి కార్డుల్లో డబ్బేమీ పడలేదు, కేంద్రానికి రావలసిన లారీ కూడా రాలేదు. అరలన్నీ బోసిగా ఉన్నాయి. శుక్రవారంలోగా అవి నిండకపోతే కేంద్రం నడుస్తున్న పాత అగ్నిమాపక షెడ్డును మంచు తీసే బళ్ళకి ఇచ్చేస్తామని కౌంటీ పెద్దలు ఇందాకే తేల్చేశారు.

ఓపల్ రెండు వారాల కిందటే తలుపు మీద కాగితం అంటించింది. ఎప్పటిలాగే ఊదారంగు సిరా, ఎడమకి వాలిపోయే పెద్ద పెద్ద అక్షరాలు. దయచేసి సాయం చేయండి అని వేడుకుంది. వచ్చినవి రెండంటే రెండు చిక్కుడుగింజల డబ్బాలు.

ఎల్విన్ జేబులోంచి చిన్న కాగితం తీసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"సర్కారు ఎందుకు పెట్టాలయ్యా తిండి? నేను గనిలో దిగినప్పుడు నాకెవడు పెట్టాడు? పసివాళ్ళకి పాలపొడి కావాలట. మా అమ్మ తొమ్మిదిమందిని పెంచింది, పాలపొడి మొహం చూశామా? నాలుగో సైజు డైపర్లు కావాలట. ఇళ్ళల్లో పాతగుడ్డలు లేవా? షుగరున్న ముసలాళ్ళకి తీపి కలపని పళ్ళడబ్బాలట." ఆ మూడింటినీ వేళ్ళు మడుస్తూ, నిదానంగా మళ్ళీ చదివాడు. "వాషింగ్టన్‌లో ఆ పార్టీవాడూ ఈ పార్టీవాడూ కలిసి మిమ్మల్ని బిచ్చగాళ్ళని చేశారు. మీకది బాగానే ఉంది. ఈ కౌంటీలో పక్కింటివాడికి పిడికెడు పెట్టే గుణం ఒక్కడికీ లేదు. ఉంటే ఆ అరలు అలా ఎందుకు ఏడుస్తాయి?"

వెనక వరసలో ఎవడో నోరు ముయ్యమని అరిచాడు. చర్చి ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. అధ్యక్షుడు బల్ల మీద సుత్తితో ఎంత కొట్టినా ఎవరూ వినలేదు. నలుగురైదుగురు ఫోన్లలో ఇదంతా వీడియో తీస్తున్నారు. డార్లా కోపంగా పక్కకి తిరిగింది. పక్కనే ఓపల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని నేలవైపు చూస్తూ కూర్చుంది.

"మీరైనా ఒక్క మాట అనరేం, ఓపల్ గారూ?"

"ఆయన మూడు నిమిషాలు ఆయనవి, డార్లా," అంది ఓపల్ మెల్లగా.

తెల్లారేసరికి ఆ వీడియో కౌంటీ అంతా చుట్టేసింది. మనకి పెట్టే గుణం లేదా, ఎవడా ముసలాడు అంటూ ఎన్నడూ కేంద్రం గడప తొక్కనివాళ్ళు కూడా దుకాణాల మీద పడ్డారు. గురువారానికి ఆహార కేంద్రం తలుపు తెరవడానికి సందు లేకుండా పెట్టెలు పేరుకున్నాయి. పాలపొడి, నాలుగో సైజు డైపర్లు, తీపి కలపని పళ్ళడబ్బాలు. ఒక పెట్టె మీద ఎవరో "ఎల్విన్ స్ట్రూడ్ గారికి ప్రేమతో" అని రాసి అంటించారు. దాన్ని చూసి డార్లా వారంలో మొదటిసారి నవ్వింది. మంచు బళ్ళ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఎల్విన్‌కి మాత్రం ఊళ్ళో కాఫీ పుట్టలేదు. హోటల్లో అరగంట కూర్చున్నా ఎవరూ పలకరించకపోతే లేచి వచ్చేశాడు. ఎవడో ఆయన ట్రక్కు టైర్లు కోశాడు. ఈసారి థాంక్స్‌గివింగ్ పండక్కి రావద్దని కూతురు ఫోన్ చేసి చెప్పిందట.

శుక్రవారం సాయంత్రం పెట్రోలు బంకు దగ్గర ఆయన కనిపించాడు. ట్రక్కు అద్దం మీద ఎవరో కొట్టిన కోడిగుడ్ల మడ్డిని ఒక్కడే తుడుచుకుంటున్నాడు. ఇంత పుల్లలా ఉన్నాడా ఈ మనిషి అనిపించింది డార్లాకి. అయినా కోపం చల్లారలేదు. బస్సు ఆపి దిగింది.

"ఓడిపోయావు పెద్దాయనా. అరలన్నీ నిండిపోయాయి."

"పాలపొడి కూడానా?"

"పాలపొడి కూడా. నువ్వు కాదన్నవన్నీ వచ్చాయి."

ఎల్విన్ మళ్ళీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. కళ్ళు చెమర్చినట్టున్నాయి. గుడ్ల కంపుకేమో అనుకుంది డార్లా.

"సిగ్గనిపించడం లేదా?" అని అడిగింది.

"వచ్చే నెల మళ్ళీ మాట్లాడతానమ్మా," అన్నాడు. జేబులోంచి రుమాలు లాగి మొహం తుడుచుకుని, ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

రుమాలుతో పాటు జేబులోంచి ఒక కాగితం మడత జారి నేల మీద పడింది. వచ్చే నెల ఇంకేం విషం కక్కుతాడో చూద్దామని డార్లా దాన్ని తీసి విప్పింది. ఊదారంగు సిరా. ఎడమకి వాలిన పెద్ద పెద్ద అక్షరాలు.

"చిన్నపిల్లల చలికోట్లు, దుప్పట్లు. ఇంకాస్త గట్టిగా తిట్టు."