ఆరో సున్నా

"కోచ్‌గారూ, మళ్లీ గీత దాటారు. ఇంకోసారి దాటితే ఫౌల్ ఇచ్చేస్తా," అన్నాడు రిఫరీ నా బూట్ల వైపు చూస్తూ.

ఏం చెయ్యను? పన్నెండేళ్లు ప్రొఫెషనల్ జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడినవాణ్ణి. కోచ్‌గా ఇదే మొదటి మ్యాచ్. గీతకి ఇవతల నిలబడటం నా కాళ్లకింకా చేతకావడం లేదు.

ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మిగిలింది తొమ్మిది సెకన్లు. టైమౌట్ అడిగాను. అమ్మాయిలు రొప్పుతూ వచ్చి బెంచీ మీద కూలబడ్డారు. వాళ్ల ముందు గొంతుక్కూర్చుని, బోర్డు మీద గబగబా మనిషికో సున్నా చుట్టి బాణాలు గీశాను.

"బంతి ఇటు నుంచి ఇలా వస్తుంది. మీరిద్దరూ అడ్డం నిలబడండి. ఈ మూల నుంచి షాట్. అర్థమైందా?"

అందరూ బోర్డు వైపే చూస్తున్నారు.

"అలా గుడ్లప్పగించి చూస్తారేంటి? టైం లేదు!"

"సార్, ఇందులో ఆరుగురున్నారు," అంది కెప్టెన్ మెల్లిగా.

లెక్కపెట్టాను. నిజమే. ఆడేది ఐదుగురే.

"షాట్ వేసే ఆ మూల సున్నా ఎవరు సార్? నేనా?"

ఆ మూల నుంచే నేను పన్నెండేళ్లు షాట్లు వేశాను.

బొటనవేలితో ఆ సున్నా చెరిపేశాను. బాణాలు మాత్రం ఇంకా ఆ ఖాళీ వైపే చూస్తున్నాయి.

"మరి షాట్ ఎవరు వెయ్యాలి సార్?"

మార్కర్ కెప్టెన్ చేతిలో పెట్టాను. "నువ్వే చెప్పమ్మా."

చకచకా గీసింది. విజిల్ మోగింది. ఐదుగురూ లోపలికి పరిగెత్తారు.

వాళ్లు ఖాళీ చేసిన బెంచీ మీద కూర్చుని, లేవకుండా రెండు చేతులా దాని అంచు పట్టుకున్నాను.