చల్లగాలి గొట్టం

జగము నెల్ల నడుపు చల్లని యూపిరి,
వాయుదేవ, నీకు వందనంబు;
ఇనుపగుఱ్ఱమునకు నెత్తెక్క బలమిచ్చి
అత్తగారి మెప్పు నందనిమ్ము.

"దిగమంటావా, నాయనా?" అని అత్తగారు అడిగారు.

అడగడమే గాని, అప్పటికే ఆమె కారు తలుపు తీసి, ఒక కాలు రోడ్డు మీద మోపి, కూరగాయల సంచి భుజాన తగిలించుకున్నారు. ఇల్లు ఎత్తువీధి చివర ఉంది. ఆ వీధి మొదట్లో కారు ఆగడం, అత్తగారూ ఆమె కూతురూ దిగి నడవడం, ఖాళీ కారు మూలుగుతూ పైకి పాకడం వారం వారం జరిగే తంతే. ఆనాడు కారు ఇల్లు చేరేసరికి అత్తగారు గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు.

"మీ మామగారు పోతూ పోతూ ఈ బండి నీ చేతిలో పెట్టారు," అన్నారామె, తలెత్తకుండానే. "కాగితాలు మాత్రం నా పేరనే ఉన్నాయి, గుర్తుందిగా? వచ్చే ఆదివారం నేను దిగకుండా ఇంటికి చేరానా, బండి నీది. లేదూ, పాత ఇనుము కొనేవాడిది."

అల్లుడి ముఖం వాడిపోయింది. ఆ కారంటే అతడికి పంచప్రాణాలు.

"తప్పంతా బండిదేనా?" అంది భార్య. "మీరు ఆ పెడల్ మీద కాలేస్తే, నిద్రపోయే పసిపిల్లని జోకొట్టినట్టుంటుంది."

"పాత ఇంజినే. గట్టిగా తొక్కితే తట్టుకోవద్దూ?"

ఇంజిన్ తన చుట్టూ ఉన్న వేడిగాలిని కాక బయటి చల్లగాలిని పీల్చుకునేలా ఒక గొట్టం అమరిస్తే, దాని బలం పెరుగుతుందనీ, గొంతు గంభీరమవుతుందనీ అతడు చదివాడు. కోల్డ్ ఎయిర్ ఇంటేక్ అని దాని పేరు. అంత పొడుగు పేరు వింటే అత్తగారికి ఖర్చు వాసన తగులుతుందని, ఇంట్లో దానికి 'చల్లగాలి గొట్టం' అని నామకరణం చేశాడు.

"చల్లగాలా? మంచిదే," అన్నారు అత్తగారు. "ఆ బండిలో ఉక్కకు ప్రాణం పోతోంది."

అల్లుడు ఆ మాట సరిదిద్దలేదు. అబద్ధం తానేమీ ఆడలేదు కదా అని సమాధానపడ్డాడు.

మర్నాడు మెకానిక్ దగ్గరికి అత్తగారూ బయలుదేరారు. షెడ్డు ముందు కారు ఆగాక, ముందు సీట్లోనే కూర్చుని పాత వారపత్రికతో విసురుకోసాగారు. ఆమె చెవిన పడకూడదని అల్లుడు మెకానిక్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"ఏమిటి సార్ కష్టం?"

"ముందున్నదే," అన్నాడు అల్లుడు, గడ్డంతో చూపిస్తూ. "పాతబడిపోయింది. ఎత్తు కనబడితే చాలు, ఆయాసపడుతుంది. ఒకటే మూలుగు. కాస్త వేడెక్కిందంటే బుసలు కొడుతుంది."

మెకానిక్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "అలా అనకండి సార్. వయసు మీద పడ్డాక ఎవరికైనా అంతే."

అల్లుడు మురిసిపోయాడు. ఇంత దయగలవాడు దొరకడం తన భాగ్యమనుకున్నాడు.

"దీనితో మా మామగారు ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారో ఆ దేవుడికే తెలియాలి."

"పుణ్యాత్ములు," అని మెకానిక్ నిట్టూర్చాడు. "ఇప్పుడేం చెయ్యమంటారు?"

"చల్లగాలి గొట్టం పెట్టాలి. బయటిగాలి నేరుగా లోపలికి రావాలి. ఊపిరాడిందంటే అదే దారికొస్తుంది."

"ఇంతవరకూ నన్నిలా ఎవరూ అడగలేదు సార్. నోరు ఎలా ఉన్నా మీ మనసు మంచిది."

నోటి సంగతి ఎందుకు వచ్చిందో అల్లుడికి అంతుపట్టలేదు. మెకానిక్ అతడిని టీ తాగి రమ్మని పంపేశాడు. అత్తగారు మాత్రం స్టూలు వేయించుకుని, కొలతలు చెబుతూ పని దగ్గరుండి చేయించారు. అల్లుడు తిరిగి వచ్చేసరికి కారు ముందు జాలీలో గొట్టం నోరు శంఖంలా మెరుస్తోంది.

"బానెట్ మాత్రం వారం దాకా తెరవకండి," అన్నాడు మెకానిక్. "జిగురు ఆరాలి."

ఆదివారం వచ్చింది. సంత ముగించుకుని ముగ్గురూ ఎత్తువీధి మొదటికి చేరారు. భార్య వెనక సీట్లో కళ్లు మూసుకుంది. ముందు సీట్లో అత్తగారు సంచిని కాళ్ల దగ్గర పెట్టుకుని, శాలువా కప్పుకుని, అంబారీ మీద రాణిలా కూర్చున్నారు.

"దిగమంటావా, నాయనా?"

"ఈ వేళ దిగనక్కర్లేదు అత్తయ్యా."

ఎన్నడూ లేనంత గంభీరంగా ఇంజిన్ హోరు చెవి పక్కనే వినిపించింది. ఆ హోరు అల్లుడి నరనరానా పాకింది. ఇన్నాళ్లూ పెడల్‌ను జోకొట్టిన పాదం ఆనాడు గొట్టం మీది నమ్మకంతో దాన్ని అడుగంటా తొక్కింది. కారు ఒక్క ఊపున లేచి, అరుగుల మీది పిల్లుల్ని చెదరగొట్టి, ఎక్కడా ఆగకుండా ఇంటి గుమ్మం ముందు నిలిచింది.

"అబ్బ, ఎంత చల్లగా ఉందే తల్లీ," అన్నారు అత్తగారు, శాలువా బిగించుకుంటూ.

అల్లుడు కిందికి దిగి, నవ్వు ఆపుకోలేక భార్య పక్కన చేరాడు. "చూశావా? గొట్టం పేరు వింటేనే మీ అమ్మకి చలేసింది. అంతా మనసు చేసే మాయ."

"మరి బండి ఎక్కింది?"

"బండికి మనసెక్కడిదే? అది నిజం."

"బండి నీదే, నాయనా," అన్నారు అత్తగారు కారులోంచే. "వర్ధిల్లు."

ఆ దీవెన అల్లుడితోనే ఆగక, ఈ కథ విన్నవారందరికీ తగులుగాక. వాయుదేవుడి దయ వల్ల కోరినవారికి కోరినచోట చల్లగాలి అందుగాక.

దిగబోతూ అత్తగారు సంచి పైకి తీయగానే, ఆమె పాదాల మధ్య గొట్టం రెండో కొస బయటపడింది.