పచ్చ పిట్ట

"ముందు బాగా సూడు. సూసేక కళ్ళు మూసుకో. అప్పుడు ముట్టుకో," అన్నాడు జగ్గన్న, ఆ మాట అప్పటికే పదిసార్లు చెప్పాడు.

పావని కుందేలు గూటి వైపు తిరిగి కాసేపు కదలకుండా నిలబడింది. తరవాత కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాపింది. అవి కుందేలుకి జానెడు దూరంలో ఆగాయి. జంతువుల్ని చూపించే అమిత్ నవ్వి, కుందేలునే తెచ్చి ఆ చేతుల్లో పెట్టాడు.

గోపాల్‌పూర్ దగ్గర, సముద్రాన్ని ఆనుకున్న సరుగుడు తోటలో ఉంది ఆ పార్కు. పార్కంటే మరీ పెద్దదేం కాదు. పది పన్నెండు గూళ్ళు, ఒక నీళ్ళతొట్టి. ఉన్నవాటిని చేత్తో తాకనిస్తారు, అదే దాని గొప్ప. తమ ఊరు చమఖండి నుంచి రెండు బస్సులూ ఒక ఆటో మారి మనవరాలిని తీసుకొచ్చాడు జగ్గన్న. డెబ్బై ఏళ్ళ జాలరికి ఇంత మోజేమిటని అమిత్‌కి అనుమానం వచ్చింది గానీ, టికెట్టు కొన్నవాణ్ణి ఎవరడుగుతారు?

మోజు కాదు, భయం. రెండు నెలల కిందట బరంపురంలో కళ్ళ డాక్టరు పావనిని తలుపు అవతల కూర్చోబెట్టి, ముసలాయనకి అర్థమయ్యేలా ఒడియాలో గట్టిగా, నిదానంగా చెప్పాడు. పిల్ల కంటినరాలు ఎండిపోతున్నాయి. మందు లేదు, ఆపరేషన్ లేదు. చూపు ఏడాది ఉంటే గొప్ప. నా కళ్ళు తీసి పెట్టండి బాబూ అని జగ్గన్న అడిగాడు. అలా కుదరదట. తుపాన్లకి ఎదురెళ్ళి పడవని ఒడ్డుకి తెచ్చిన మనిషి, ఆ బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చుండిపోయాడు.

పదేళ్ళ పిల్లకి ఈ సంగతి తెలియకూడదని కోడలు ముత్యాలమ్మ, పావని తల్లి, ఒట్టు వేయించుకుంది. డాక్టరేమన్నాడని పావని కూడా ఒక్కసారైనా అడగలేదు. చిన్నపిల్ల, మరిచిపోయిందనుకున్నారు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. జగ్గన్నకి తెలిసిన విద్య ఒక్కటే. చీకట్లో వల లాగేటప్పుడు చేప మీద చెయ్యి వేసి ఇది చందువ, ఇది కానాగంత అని చెప్పెయ్యగలడు. దాన్నే ఆట అని చెప్పి పిల్లకి నేర్పడం మొదలుపెట్టాడు. ముత్యాలమ్మ అమ్మకానికి ఎత్తుకెళ్ళే గంపతోనే రోజూ పాఠం. తనకి మూడేళ్ళు పట్టిన విద్యని పావని మూడు వారాల్లో పట్టేసింది. జాలరి రక్తం ఎక్కడికి పోతుందని అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆ మురిపెంలో, పిల్ల వీధిలో ఆడుకోవడం మానేసిన సంగతి పట్టించుకోలేదు. సెలవులు, ఎండలు, ఎవరు మాత్రం బయటికి పోతారులే అనుకున్నాడు.

చేపలయ్యాయి. ఇక మిగతా లోకాన్ని కూడా ఆ చేతులకి అప్పజెప్పాలి. అందుకే ఈ పార్కు.

"మెత్తగా ఉన్నాది తాతా. సెవులు పొడుగు. గుండె టకటకలాడతన్నాది," అంది పావని.

"రంగు?"

"తెలుపు."

"అద్గదీ. మర్సిపోకు."

కుందేలు తరవాత తాబేలు, దాని తరవాత మూరెడు తొండ. ప్రతి గూటి దగ్గరా పావనే ముందుగా అమిత్‌ని ఇదేమిటి, ఎంతుంటుంది, ఏం తింటుంది అని ఒడియాలో అడిగేసేది. బడి చదువు ఒడియాలోనే గనక తాతకన్నా పిల్లకే ఆ భాష బాగా వచ్చు. మెట్టు దగ్గర ఒకసారి తూలి తాత పంచె పట్టుకుంది. చూసుకుని నడవమని కసిరాడు జగ్గన్న. కసిరినందుకు మళ్ళీ తనే నొచ్చుకున్నాడు. ఇంకా ఏడాది ఉంది కదా, ఇప్పట్నించే గాభరా ఎందుకని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఆఖరి గూట్లో గుప్పెడంత పిట్ట ఉంది. ఏదో దేశపు చిలుకట. పసుపు ముద్దలో ముంచి తీసినట్టుంది. ముక్కు తప్ప ఒళ్ళంతా పసుపే. అలాంటిది జగ్గన్న కూడా పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చిలుక, గట్టిగా నొక్కకమ్మా అంటూ అమిత్ దాన్ని పావని మణికట్టు మీద నిలబెట్టాడు.

"కళ్ళనిండా సూసుకో," అన్నాడు జగ్గన్న. తన కళ్ళు పిల్ల చూడకుండా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "ఏ రంగు?"

"పచ్చ," అంది పావని వెంటనే.

పచ్చే మరి. జగ్గన్న తృప్తిగా తల ఊపాడు. పావని పిట్టని చెంపకి ఆనించుకుని చాలాసేపు అలాగే ఉంది. అమిత్ గడియారం చూసుకున్నాడు.

బయటికొచ్చాక గేటు దగ్గర పాఠం అప్పజెప్పించుకున్నాడు జగ్గన్న. పిల్లని సముద్రం వైపు తిప్పి, వెనక నిలబడి, భుజాల మీద చేతులు వేశాడు. కుందేలు చెప్పింది. తాబేలు డిప్ప మీద గళ్ళు ఎన్నో కూడా చెప్పింది.

"మరి పిట్ట?"

"కాళ్ళు పుల్లల్లాగున్నాయి. ఒళ్ళు ఏడిగా ఉన్నాది. పచ్చ."

"ఏ పచ్చ?"

"ఆకుపచ్చ. సిలక కదా తాతా."

జగ్గన్న చేతులు ఆ భుజాల మీదే ఆగిపోయాయి. పిల్ల అలిసిపోయింది. ఆట ఇంకా అయిపోలేదనుకుని కళ్ళు మూసుకునే ఉంది, నోటికొచ్చింది చెప్పేసింది. అంతే అయివుంటుంది. అంతే కావాలని ఇలవేల్పుకి మొక్కుకున్నాడు. ఎదురుగా సముద్రం ఎండకి తళతళలాడుతోంది.

"ఆట అయిపోనాది," అన్నాడు. "ఇంక కళ్ళు తెరువమ్మా. సముద్రాన్ని సూడు."

పావని చెయ్యి వెనక్కి చాపి, తాత చెయ్యి ఎక్కడుందో తడిమి పట్టుకుంది.

"తెరిసే ఉన్నాయి తాతా."