ఇరవై నికార్సైన ఓట్లు

"ఐపీనా? దివాలా తీయడానికి నేనేమన్నా సేఠ్‌నా అండీ!" ఫోన్లో అరిచాడు వీరరాఘవులు.

ఐపీ అంటే కంప్యూటరు చిరునామా అని తెలుగు కథల పోటీ నడిపే వెబ్‌సైటువాళ్ళు చెప్పారు. ఆయన కథకి ఇరవై ఓట్లూ ఒకే కంప్యూటరు నుంచి పడ్డాయని ఫిర్యాదొచ్చిందట, రద్దు చేశారట.

"ఓట్లు పోయి తూట్లు మిగిలాయయ్యా!" అన్నాడు పక్క సీటు సీతారామయ్యతో. "గెలిస్తే నా కథ మొదటిసారి అచ్చయ్యేది. మన సెక్షన్‌లో నెట్ ఉన్నది ఒక్క కంప్యూటరుకేగా! లంచ్‌లో అందరూ క్యూ కట్టి వేశారు. అదే రాసి, అందరిచేతా సంతకాలు పెట్టిస్తాను."

తెలుగులో రాసిన ఆ కాగితం సెక్షనంతా తిరిగింది. చడ్డాజీ, మిశ్రాజీ, సునీతా దీదీ అందరూ పెట్టేశారు. సీతారామయ్య మాత్రం పెన్ను తీయలేదు.

"నేను ఓటు వెయ్యలేదు. ఫిర్యాదు రాసింది నేనే."

పదేళ్ళుగా ఒకే క్యారేజీ పంచుకుని తిన్న మనిషి!

"ఎందుకయ్యా? ఇందులో ఒక్క దొంగ ఓటుందా?"

"లేదు. తెలుగు చదవగలిగిన ఓటూ లేదు."

"నువ్వున్నావుగా!"

"ఉన్నాను. చదివాను. నచ్చలేదు. నీ మొహాన చెప్పలేక వాళ్ళకి రాశాను."

ఏ మాటనైనా విరిచి నవ్వించే వీరరాఘవులు, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"క్యా హువా?" అంటూ అందరూ మూగారు. అది కథల పోటీ అనీ, ఓట్లు రద్దయ్యాయనీ సీతారామయ్యే హిందీలో వివరించాడు.

"కహానీయా?" సునీతా దీదీ నోరు తెరిచింది. "రాఘవ్‌జీ తాముండే మయూర్ విహార్ అపార్ట్‌మెంట్ సొసైటీ ఎలక్షన్‌లో నిలబడ్డారనుకుని వేశాం కదా!"