మీ గదిలో ఎర్త్ ఉందా?

"ఇది షాక్ కొడుతుందా?"

గిటార్ల షాపులో అడుగుపెట్టగానే ఆ తల్లి అడిగిన మొదటి ప్రశ్న అది.

గిటార్లు చూస్తున్న కుర్రాళ్ళు నవ్వారు. యజమాని నవ్వలేదు. కూతురు తల పట్టుకుంది.

"అమ్మా, నా పరువు తీయకు."

"ఎలక్ట్రిక్ గిటారని నువ్వే కదే అన్నావు?"

"మిక్సీ వాడట్లేదా నువ్వు?"

"మిక్సీని మెళ్ళో వేసుకుని తిరగను కదే!"

ఆ తల్లికి కుక్కరు కూత వేసినా భయమే, వేయకపోయినా భయమే. పిల్ల పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఊళ్ళో ఆస్పత్రులన్నీ కళ్ళముందు తిరుగుతాయి. అలాంటి మనిషి దగ్గర, స్నేహితులతో కలిసి మెటల్ అనే హోరు సంగీతం వాయిస్తానని ఏడాదిపాటు పోరు పెట్టి ఒప్పించుకుంది కూతురు. నెలాఖరున కాలేజీలో వాళ్ళ మొదటి ప్రదర్శన. అప్పటికల్లా సొంత గిటారు కావాలి.

కూతురు ఒక ఎర్ర గిటారును ఒళ్ళో పెట్టుకుంది.

"తీగల కింద ఈ నల్ల పెట్టెలున్నాయే, వీటినే పికప్‌లంటారు. శబ్దాన్ని పట్టేవి ఇవే. మెటల్‌కి రెండు చుట్టల పికపే ఉండాలి. ఒక చుట్టదైతే ఊరికే గుర్రుమంటుంది."

"మీరు చేసే గోలలో ఆ గుర్రు వినపడుతుందా ఏమిటి?"

మూల స్టూలు మీద కూర్చున్న ఒకాయన చిన్నగా నవ్వాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు.

"మీరు ముందు అడిగింది మంచి ప్రశ్నే అమ్మా," అన్నాడు లేచి వస్తూ. "వైరింగు సరిగ్గా ఉంటే ఏ గిటారూ ఏమీ చేయదు. లేదంటేనే చిక్కు. చేతులు తీగల మీద ఉండి, పెదవి మైకుకి తగిలితే ప్రమాదం. ఈ ఎర్రదాంట్లో తీగల్ని లోపల ఎర్త్‌కి కలుపుతారు కాబట్టి."

గోడకున్న నల్ల గిటారు దించాడు.

"ఇది చూడు పాపా. ఇందులో పికప్‌లు బ్యాటరీతో పనిచేస్తాయి. తీగల్ని ఎర్త్‌కి కలపక్కర్లేదు. ఎంత గట్టిగా పెట్టినా గుర్రుమనదు. మెటల్‌కి బాగుంటుంది."

కూతురు నాలుగు తీగలు మీటి చూసింది.

"బానే ఉంది అంకుల్. కానీ నాకు ఎర్రదాని సౌండే నచ్చింది."

"సరే, అదే తీసుకో. మీరు వాయించే గదిలో ఎర్త్ ఉందా?"

"ఏమో! వడ్రంగి షాపు మీద గది..."

తల్లి కూతురి చెయ్యి గిల్లింది.

"నేనొచ్చి ఒకసారి చూస్తాను," అన్నాడాయన. "మీరక్కడ ఎప్పుడుంటారు?"

అంతే. కరెంటు భయం ఎటు పోయిందో, దాని చోట ఇంకో భయం వచ్చి కూర్చుంది.

"ఆడపిల్ల ఎక్కడుంటుందో, ఎప్పుడుంటుందో మీకెందుకండీ? అడగని సలహాలు చెప్పిందే కాక, గదికి కూడా వస్తారా? వయసుకి తగ్గ బుద్ధి ఉండొద్దూ!"

షాపంతా ఇటు తిరిగింది.

ఆయన ముఖం పాలిపోయింది.

"క్షమించండమ్మా," అని, నల్ల గిటారును దాని కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయాడు.

"అమ్మా, ఆయన..." అంటూ యజమాని నోరు తెరిచాడు.

"మీరు మాట్లాడకండి! ఇలాంటివాళ్ళని షాపులో కూర్చోబెట్టుకుంటారా?"

ఎర్ర గిటారు కొనుక్కుని ఇంటికొచ్చారు.

ఆ మనిషి గది దగ్గర మాటు వేశాడేమోనని పది రోజులు ఆ తల్లికి కంటిమీద కునుకు లేదు. చివరికి ఒక సాయంత్రం కూతురి వెంటే గదికి వెళ్ళింది.

కూతురు గిటారు వాయిస్తూ మైకుకి మూతి ఆనించి పాడుతోంది.

"పెదవి తగిలించకే!"

"ఏం కాదమ్మా. ఇదివరకు చురుక్కుమనేది, ఇప్పుడు అనట్లేదు."

"చురుక్కుమనేదా? నాతో చెప్పలేదేం?"

"చెప్తే గిటారు కొననిచ్చేదానివా?"

గబగబా మెట్లు దిగి వడ్రంగిని నిలదీసింది.

"ఎర్త్ వైరు ఎప్పుడో తెగిపోయిందట తల్లీ, నాకూ తెలీదు," అన్నాడు వడ్రంగి. "పోయిన వారం ఒకాయన వడ్రంగి షాపులన్నీ వెతుక్కుంటూ వచ్చి, చూసి చెప్పాడు. ఆడపిల్లలుంటారు, వాళ్ళు లేనప్పుడే వస్తానని, రెండ్రోజులు తెల్లవారుజామునే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా విప్పి మడతపెట్టి, గొయ్యి తవ్వి, కొత్త వైరు లాగి పోయాడు. కూలి ఇస్తే వద్దన్నాడు."

ఆమె అటునుంచి అటే గిటార్ల షాపుకి వెళ్ళింది. మూల స్టూలు ఖాళీగా ఉంది.

"ఆయనేరండీ? ఒక్క మాట చెప్పి పోతాను."

"ఆ రోజునుంచి రావట్లేదమ్మా," అన్నాడు యజమాని. "నన్ను చూసి తల్లులు భయపడుతున్నారు, ఇక రానన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు."

"మీ షాపు ఎలక్ట్రీషియనే కదా, ఇల్లు తెలియదా?"

"ఆయన ఎలక్ట్రీషియన్ కాదమ్మా, బట్టలు కుట్టేవాడు. మూడేళ్ళ కిందట కొడుకు గిటారు పట్టుకుని మైకు ముందే షాక్ కొట్టి చనిపోయాక, ఈ పని నేర్చుకున్నాడు."