వెదురు గంపా, ఈత గంపా?

చుక్కలపెట్ట లబోదిబోమంటూ పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"నా గంపలో జెర్రిపోతు దూరింది! గుడ్లున్నాయి, రండర్రా!"

"ఏ గంపే? వెదురుదా, ఈతదా?" అంది బాతు.

"వెదురుదే వదినా, తొందరగా రా!"

"అదీ సంగతి! వెదురు గంపలో ఎవరైనా పొదుగుతారా?"

"ఈత గంప చెమ్మకి కుళ్ళిపోదూ?" అంది మేక.

"గంపలు నమిలేదానివి, నీకేం తెలుసు?" అని బాతు దానిమీదికి లేచింది.

పెట్టకి ఒళ్ళు మండింది. పాముని మరిచిపోయి, రెక్కలు విదిల్చుకుని వాదనకి దిగింది. "నువ్వెప్పుడైనా పొదిగిన మొహమేనా? నీ పిల్లల్ని పొదిగిందీ నేనే, ఈ వెదురు గంపలోనే!"

అంతలో జెర్రిపోతు ఉబ్బిన పొట్టతో తీరిగ్గా వచ్చి వాళ్ళ పక్కనే చుట్టచుట్టుకుంది.

"నన్నడిగితే వెదురు గంపే హాయి," అంది.

"విన్నావా!" అంది పెట్ట, బాతుకేసి గర్వంగా చూస్తూ.